ఎంగిలి రాయి

లీలండ్ వావ్రా నాలుకకు ఆ జిల్లాలో ఉన్న పలుకుబడి చర్చి పాస్టరు నాలుకకు కూడా లేదు. పాస్టరు చెప్పినదాన్ని జనం ఇంటికెళ్లే దారిలోనే తలా ఒక రకంగా చీల్చి చెండాడేవారు. లీలండ్ నాలుక తేల్చినదానికి మాత్రం తిరుగు లేదు. కాకపోతే అది తేల్చేది పరలోకం సంగతి కాదు, పెంట సంగతి.

నెబ్రాస్కా వాయవ్య మూలన ఉండే తెల్లమట్టి గుట్టలు వాన పడినప్పుడల్లా కొంచెం కరుగుతాయి. కరిగిన చోటల్లా పాతకాలపు సరుకు బయటపడుతుంది. తాబేటి చిప్పలు, పళ్లు, ఎముక ముక్కలు, వాటితోపాటు ఎప్పుడో అంతరించిపోయిన మృగాల పెంట కూడా, రాయిగా మారి. ప్రభుత్వ భూమిలో వాటిని ముట్టుకుంటే కేసవుతుంది. అందుకని రాళ్ల క్లబ్బు వాళ్లు పశువుల ఆసాముల దగ్గరికి వెళ్లి, నాలుగు మంచి మాటలు చెప్పి, వాళ్ల గుట్టల్లో ఏరుకునేవారు. ఏరినదాన్ని నెలకోసారి చర్చి కింది గదిలో పొడవాటి బల్ల మీద పరిచేవారు. ఆ బల్ల చివర కుర్చీ లీలండ్‌ది. రైల్వేలో సిగ్నళ్లు బాగుచేసే ఉద్యోగం చేసి రిటైరైన మనిషి అతను. ఉద్యోగంలో ఉన్నన్నాళ్లూ సెలవులన్నీ ఆ గుట్టల్లోనే తగలేశాడు.

పెంటరాయిని కంటితో చూసి పట్టుకోవడం కష్టం. మామూలు సున్నపు గడ్డలు కూడా అచ్చం అదే ఆకారంలో, అదే రంగులో దొరికి మనుషుల్ని వెర్రివాళ్లను చేస్తాయి. మాంసం తిన్న జంతువు పెంటలో ఎముకల పొడి ఉంటుంది, దానికి కంటికి కనిపించనంత సన్నని రంధ్రాలుంటాయి. తడి నాలుక ఆనిస్తే రాయి నాలుకను పట్టుకుంటుంది. సున్నపు గడ్డ పట్టుకోదు. అందువల్ల బల్ల మీదికి వచ్చిన ముక్కను లీలండ్ ముందు భూతద్దంతో చూసేవాడు, తర్వాత కడిగిన రుమాలుతో తుడిచేవాడు, ఆ తర్వాత కళ్లు మూసుకుని నాకేవాడు. చిన్న ముక్కైతే దాన్ని నాలుకకు వేలాడేసి అందరికీ చూపించేవాడు. జనం చప్పట్లు కొట్టేవారు.

"నా క్యాబేజీ కూర నోట పెట్టమంటే మొహం చిట్లిస్తాడు. కోట్ల ఏళ్ల నాటి పెంటైతే చాలు, ఆవురావురుమంటాడు," అని అతని భార్య ఆర్లిస్ ఊరంతా చెప్పుకుని నవ్వేది.

క్లబ్బులో ఒక కట్టుబాటు ఉండేది. ఒకరు నాకిన రాయిని ఇంకొకరు నాకరు. కోట్ల ఏళ్ల నాటి పెంట వాళ్లకు పరవాలేదు గానీ పక్కవాడి ఎంగిలి మాత్రం పనికిరాదు. అందుకే ఎవరూ నాకని ముక్కనే బల్ల మీదికి తేవాలి, మొదట నాకినవాడి మాటే ఆఖరి మాట. అంటుకోని రాళ్లకు వాళ్లు, రాళ్ల పేర్లకుండే 'ఐట్' తోక తగిలించి, 'వదిలెయ్యైట్' అని శాస్త్రీయమైన పేరొకటి పెట్టుకున్నారు. అలాంటివన్నీ బల్ల కింద ఇనప బకెట్‌లోకి పోయేవి. సమావేశం అయ్యాక బకెట్ తీసుకెళ్లి చర్చి వెనక దారిలో కుమ్మరించేది కూడా లీలండే.

ఇన్నేళ్లలో అతను కోరుకున్నది ఒకే ఒక్కటి. లోపల దవడ ఉన్న పెంటరాయి. ఏ పాతకాలపు మృగమో ఏ ఎలకనో మింగితే, ఆ ఎలక దవడ పళ్లతో సహా అరగకుండా బయటికొచ్చి రాయిగా మారాలి. అలాంటిది ఉంటుందని అతనికి తెలుసు, పుస్తకాల్లో బొమ్మలు చూశాడు. నడుం వంగిపోయేదాకా వెతికినా దొరకలేదు. దొరకలేదని పైకి ఎప్పుడూ అనలేదు గానీ, ఇతరుల ముక్కలను భూతద్దం కింద పెట్టిన ప్రతిసారీ అతని గుండె ఒకసారి ఆగి కొట్టుకునేది.

ఆ శీతాకాలంలో ఆర్లిస్ తమ్ముడు మెర్ల్‌కు పక్షవాతం వచ్చింది. మెర్ల్ హైవే పక్కన డోరీన్ హోటల్లో వంటవాడు. అతను మాంసం, చిక్కుడు గింజలు వేసి కారంగా వండే చిల్లీ కూరను, పక్కన పెట్టే దాల్చినచెక్క బన్నును తినడానికి బొగ్గు లారీల డ్రైవర్లు దారి మార్చుకుని మరీ వచ్చేవారు. కాలూ చెయ్యీ వసంతానికల్లా చాలావరకు తిరిగొచ్చాయి. నోరు రాలేదు. నోటి కుడివైపంతా మొద్దుబారిపోయింది, కాఫీ పెదవి చివరనుంచి కారేది, ఉప్పేదో పంచదారేదో తేలేది కాదు. ఒకరోజు వంటింట్లోకి వెళ్లి చిల్లీ చేస్తే డోరీన్ ఒక్క చెంచా తిని మాట్లాడకుండా గిన్నె దించేసిందట.

"మెల్లగా వస్తుంది అన్నాడు డాక్టరు. ఎండాకాలం అయ్యేదాకా నీ పొయ్యి ఎవరికీ ఇవ్వనులే, పో," అంది డోరీన్.

ఇంట్లో గోడలు చూస్తూ కూర్చుంటున్నాడని ఆర్లిస్‌కు దిగులు పట్టుకుంది. "ఏమయ్యా, ఆ గుట్టలకి వాణ్ణి కూడా తీసుకెళ్లకూడదూ? నీ పెంట పుణ్యమా అని నాలుగడుగులు నడుస్తాడు," అని భర్తను పోరింది. లీలండ్ తీసుకెళ్లాడు. మెర్ల్ మంచి తోడు. కుంటుతూనే జోకులు వేసేవాడు. "బావా, నేను వండింది తిన్నవాళ్లది కూడా ఎప్పటికైనా ఇలా రాయవుతుందంటావా? అప్పుడు నీలాంటోడొకడు నాకి, ఇది మెర్ల్ చిల్లీ అని చెప్పాలి," అనేవాడు. ఎండిన వాగుల్లో లీలండ్ నవ్వు చాలా దూరం వినిపించేది.

మూడోసారో నాలుగోసారో వెళ్లినప్పుడు మెర్ల్ కాలు నొప్పి పుట్టి ఒక గుట్ట నీడన చతికిలబడ్డాడు. తొడ కింద ఏదో గుచ్చుకుంది. తీసి చూసుకుని, బావకు చెప్పకుండా రుమాలులో మూటగట్టి జేబులో వేసుకున్నాడు. క్లబ్బులో అందరి ముందూ పెట్టి బావను ఆశ్చర్యపరుద్దామని అతని సరదా.

ఆ నెల సమావేశంలో మెర్ల్ రుమాలు విప్పాడు. "కూర్చున్నచోటే దొరికింది. నా అదృష్టమంతా ఎక్కడుందో చూశారుగా," అన్నాడు. గది గొల్లుమంది.

లీలండ్ దాన్ని భూతద్దం కింద పెట్టాడు. బూడిదరంగు ముక్క, బొటనవేలంత. ఒక పక్క మట్టి పెచ్చు ఊడినచోట గోధుమరంగులో ఏదో మెరుస్తోంది. అతను అద్దాన్ని దగ్గరికి జరిపాడు. అది పన్ను. దాని పక్కన ఇంకో పన్ను అంచు. రెండింటినీ పట్టుకుని ఉన్న సన్నని ఎముక మట్టిలోకి పోతోంది.

అతను కళ్లు మూసుకున్నాడు. నాలుక ఆనించాడు. రాయి ఎంత గట్టిగా పట్టుకుందంటే ఊడదీసినప్పుడు నాలుక చివర మంట పుట్టింది. కళ్లు తెరిచేసరికి ఎదురుగా మెర్ల్ మొహం, ఒకవైపు కొంచెం జారిన నవ్వుతో. ఈ కుంటివాడికా, ఇన్నాళ్లూ పెంటనీ మట్టినీ వేరుగా చూడని ఈ మనిషికా, కూర్చున్నచోట! అంత నీచమైన ఆలోచన తనలో ఉందని లీలండ్‌కు అంతవరకు తెలియదు. తెలిసేలోపే నోరు మాట అనేసింది.

"అంటుకోలేదు. సున్నపు గడ్డ."

మెర్ల్ నవ్వు ఒక్క క్షణం అలాగే ఆగిపోయింది. తర్వాత పెద్దగా నవ్వేశాడు. "అంటే నాకు దొరికింది ఆఖరికి పెంట కూడా కాదన్నమాట!" అన్నాడు. గదిలో అందరూ నవ్వారు. ఆసామి డ్వేన్ అతని వీపు తట్టి, "వదిలెయ్యైట్! మన క్లబ్బులోకి స్వాగతం," అన్నాడు. రాయి టంగుమని బకెట్‌లో పడింది.

ఇప్పటికైనా అది పొరపాటేనని సర్దుకునే వీలుంది. ఇంకోసారి చూస్తానని చెయ్యి చాపితే సరిపోయేది. లీలండ్ చాపలేదు. సమావేశం అయ్యాక బకెట్ కుమ్మరించే వంకతో చర్చి వెనక్కి వెళ్లి, ఆ ఒక్క ముక్కనూ ఏరి చొక్కా జేబులో వేసుకున్నాడు. బకెట్ తిరిగి తెచ్చి బోర్లించాడు. ఎన్నేళ్లనుంచో చేస్తున్న పని కనుక ఎవరూ చూడలేదు.

షెడ్డులో సూదితో మట్టి గీకాడు. దవడ పూర్తిగా బయటపడింది, పళ్లతో సహా, గింజల వరసలా. ఇంత అందమైనది అతని చేతికి ఎన్నడూ రాలేదు. దాన్ని చూసుకుని సంతోషిద్దామనుకున్నాడు. సంతోషం రాలేదు. ఎవరికి చూపిస్తాడు? నాకే దొరికిందంటే మెర్ల్ గుర్తుపడతాడు. మెర్ల్‌దని అంటే తన నాలుక పరువు పోతుంది. దొంగసొమ్ములా దాన్ని మేకుల డబ్బాలో మేకుల అడుగున దాచాడు. అన్నానికి కూర్చుంటే ఆర్లిస్ మొహంలోకి చూడలేకపోయాడు. ఏం తిన్నా ఆ రాతి పొడే తగులుతున్నట్టుండేది.

కొన్నాళ్లకు ఆర్లిస్ ఫోను పెట్టేసి వంటింట్లో అలాగే నిలబడి అంది. "మెర్ల్‌ గాడు డోరీన్‌ దగ్గరికెళ్లి, నేనింక రాను, వేరేవాళ్లని చూసుకో అని చెప్పేశాడంట. అంతా బాగుపడుతోంది అనుకుంటుంటే వీడికిదేం పుట్టింది? నువ్వెళ్లి కనుక్కో. నీ మాటైతే వింటాడు."

లీలండ్ వెళ్లాడు. మెర్ల్ మెట్ల మీద కూర్చుని చల్లటి శాండ్‌విచ్ తింటున్నాడు. జీవితమంతా వేడివేడిగా వండిపెట్టిన మనిషి అలా తినడం చూసి లీలండ్ మెట్ల కిందే ఆగిపోయాడు.

"అక్క పంపిందా?" అన్నాడు మెర్ల్.

"పంపకపోతే రానా? డోరీన్‌కి అలా ఎందుకు చెప్పావు?"

మెర్ల్ శాండ్‌విచ్ పక్కన పెట్టాడు. "నవ్వనంటే చెప్తా బావా. ఆ రోజు గుట్ట దగ్గర ఆ రాయి దొరికింది చూడు, నేనూరుకోలేకపోయా. నువ్వు చేసినట్టే చేద్దామని నాకేశా. తప్పేనులే. ఎంగిలి రాయి బల్ల మీద పెట్టకూడదని తెలుసు. సిగ్గేసి చెప్పలా."

లీలండ్ మెట్టు మీద కూలబడ్డాడు.

"కావాలనే కుడివైపు పెట్టి నాకా," అన్నాడు మెర్ల్, బుగ్గను వేలితో చూపిస్తూ. "ఈ మొద్దుబారిన వైపు. అంటుకుంది బావా! నాలిక లాగితే రాలేదు. తెలిసింది నాకు, స్పష్టంగా తెలిసింది. ఆ గుట్ట వెనకాల ఒక్కణ్ణీ కూర్చుని చిన్నపిల్లాడిలా ఏడ్చా తెలుసా, నోరు తిరిగొచ్చేసిందని. క్లబ్బులో రాయి చూపించిన మర్నాడే డోరీన్‌కి చెబుదామనుకున్నా. తీరా నువ్వు అంటుకోలేదన్నావు."

"మెర్ల్..."

"నీ నాలిక తప్పు చెప్పదుగా. అంటే నాకు తెలిసిందంతా భ్రమ. లేని ఉప్పు ఉందనుకుంటా, ఉన్నది లేదనుకుంటా. అలాంటి నోరు పెట్టుకుని పదిమందికి వండితే ఎలా? నువ్వు చెప్పబట్టి బతికిపోయా. లేకపోతే వెళ్లి అందరి ముందూ పెంట చేసుకునేవాణ్ణి."

అప్పుడే చెప్పేయాలి. పక్కన ఎవరూ లేరు, అడిగినవాడు సొంత బామ్మర్ది, మాట నాలుక చివరే ఉంది. లీలండ్ నోరు తెరిచాడు. "అదేం కాదులే. మళ్లీ ప్రయత్నించు," అన్నాడు. ఆ మాట తన చెవికే అసహ్యంగా వినిపించింది. దారంతా తనను తాను తిట్టుకుంటూ ఇంటికొచ్చాడు. ఎంత తిట్టుకున్నా తక్కువే అనిపించింది.

తర్వాతి సమావేశానికి అతను మేకుల డబ్బాలోంచి రాయి తీసి వెంట తీసుకెళ్లాడు. మెర్ల్‌ను బతిమాలి వెంటబెట్టుకుని ఆర్లిస్ కూడా వచ్చింది. దారిలో లీలండ్ ఒక ఉపాయం ఆలోచించాడు. ఉపాయం అనడం ఎందుకు, పిరికితనం. రాయి మెర్ల్‌కు చేరాలి, తన నాలుకకు మచ్చ రాకూడదు.

బల్ల దగ్గర నిలబడి గొంతు సవరించుకున్నాడు. "పోయిన నెల మెర్ల్ తెచ్చిన ముక్క నాకు మనసులో పీకుతూనే ఉంది. బకెట్‌లోంచి తీసి శుభ్రం చేశాను. ఇది అసలైన పెంటరాయే. లోపల దవడ ఉంది. కొన్ని ముక్కలు లోపలిదాకా బాగా రాయైపోతే నాలుకకు అంటుకోవు. అందుకని పొరబడ్డాను."

భూతద్దం చేతులు మారింది. అందరూ అబ్బురపడ్డారు. క్లబ్బు అధ్యక్షురాలు వెల్మా, పెద్దావిడ, కళ్లజోడు తీసి తుడుచుకుంది. "పొరపాటు చేశానని నలుగురిలో ఒప్పుకోవడానికి ఎంత గుండె కావాలి! మీలాంటి వాళ్లుండబట్టే ఈ క్లబ్బు నిలబడింది లీలండ్ గారూ," అంది. చప్పట్లు మొదలయ్యాయి. డ్వేన్ ఈల వేశాడు. ఆర్లిస్ భర్త చేతి మీద చెయ్యి వేసింది, గర్వంగా.

ఆ చప్పట్లు లీలండ్ వీపు మీద పడుతున్న దెబ్బల్లా ఉన్నాయి. ఇన్నాళ్లూ దొంగతనం చేసినందుకు సిగ్గుపడ్డాడు. ఇప్పుడు దొంగతనానికి దండ వేయించుకుంటున్నాడు.

మెర్ల్ రాయిని అరచేతిలో తిప్పి తిప్పి చూస్తున్నాడు. మొహం వెలిగిపోతోంది. "బావా, ఇది నాదేనా? నిజంగా పెంటేనా?" అన్నాడు. ఇంకాసేపటికి ఆ వెలుగు కొంచెం తగ్గింది. గొంతు తగ్గించి, లీలండ్‌కు మాత్రమే వినిపించేలా అడిగాడు. "అంటే రాయి అసలుదే. కానీ అంటుకునే రకం కాదు. అంతేగా?"

లీలండ్ బల్ల మీది భూతద్దాన్ని తుడవసాగాడు.

"అంతేలే. నాకు అంటుకున్నట్టనిపించడం నా నోటి దోషమే. పోనీలే, రాయైనా దక్కింది," అన్నాడు మెర్ల్. రుమాలు తీసి పెదవి చివర కారిన కాఫీ తుడుచుకున్నాడు.

"అంటుకుంది," అన్నాడు లీలండ్.

చాలా మెల్లగా అన్నాడు కనుక పక్కవాళ్లకు అర్థం కాలేదు. అందుకని లేచి నిలబడి మళ్లీ అన్నాడు. ఈసారి గది అంతా విన్నది. "అంటుకుంది మెర్ల్. ఆ రోజే అంటుకుంది. ఊడదీస్తే నాలుక మండింది. ఇందాక చెప్పింది కూడా అబద్ధం. నేను పొరబడలేదు. పన్ను చూశాను, ఏమిటో తెలుసుకున్నాను, నీకు దొరికిందని ఓర్వలేక కాదన్నాను. బకెట్‌లోంచి తీసి దాచుకున్నాను. నీ నోట్లో ఏ దోషమూ లేదు."

కాఫీ కప్పు ఎవరో బల్ల మీద పెట్టిన చప్పుడు వినిపించింది. ఆర్లిస్ చెయ్యి తీసేసుకుంది. తీసుకుని, ఒళ్లో రెండో చేత్తో పట్టుకుని, తమ్ముడి వైపు తిరిగి కూర్చుంది. చప్పట్లు కొట్టినవాళ్లు చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక అవస్థపడ్డారు. ఎవరైనా తిడతారేమోనని లీలండ్ ఎదురుచూశాడు. తిడితే బాగుండునని కూడా అనుకున్నాడు. వాళ్లు తిట్టే రకం మనుషులు కారు. చూపు దించేసుకునే రకం.

మెర్ల్ కోప్పడలేదు. అతను బావను చూడనైనా లేదు. వేలితో తన కుడి బుగ్గను తడుముకుంటున్నాడు. "అయితే ఆ రోజు గుట్ట వెనకాల నాకు తెలిసింది నిజమేనన్నమాట," అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగాయి, జారిన మూతితోనే నవ్వాడు. తర్వాత, ఏదో వాతావరణం సంగతి చెబుతున్నట్టుగా అన్నాడు. "డోరీన్ నిన్ననే స్కాట్స్‌బ్లఫ్ టౌను నుంచి వంటవాణ్ణి ఎవరినో పెట్టుకుంది బావా. పాపం, అతను కూడా పెళ్లాం పిల్లల్తో దిగాడంట. ఇప్పుడు పొమ్మనమని ఎలా చెప్తాం?"

లీలండ్ బల్ల చివరి కుర్చీ లాక్కున్నాడు. కూర్చున్నాడు. ఆ కుర్చీలో కూర్చునే హక్కు లేదని తెలుసు, వేరే కుర్చీ దాకా నడిచే ధైర్యం లేదు.

డ్వేన్ తన జేబులోంచి ఒక ముక్క తీశాడు. మొన్నటి వానకు బయటపడిందట. అలవాటుగా బల్ల చివరికి చాపబోయి, మధ్యలో చెయ్యి ఆపాడు. దారి మళ్లించి మెర్ల్ ముందు పెట్టాడు.

"నువ్వు చూడు," అన్నాడు. "ఎవరూ నాకలేదు."

మెర్ల్ దాన్ని రుమాలు శుభ్రమైన మడతతో తుడిచాడు. కళ్లు మూసుకుని, నోటి కుడివైపు ఆనించి, చాలాసేపు అలాగే ఉంచాడు. అతను వేళ్లు వదిలేశాడు. రాయి నాలుకకు వేలాడుతూ నిలిచింది. ఈసారి ఎవరూ చప్పట్లు కొట్టలేదు, వెల్మా ఒక్కతే మెల్లగా తల ఊపింది.

మెర్ల్ రాయి తీసి కళ్లు తెరిచాడు. ఎప్పటి అలవాటో, బల్ల చివరికి తిరిగాడు. "అవునా, బా..." అన్నాడు. అంతలో గుర్తొచ్చి, అడగడం మానేశాడు.